కంచె చేను మేస్తే

మన కాలేజీలో ఎవడైనా కాస్త వింతగా మాట్లాడితే చాలు, "వీణ్ణి ఎర్రగడ్డ బస్సెక్కించండిరా" అంటాం. నేనూ చాలాసార్లు అన్నాను. రెండేళ్ళ కిందట మా ఇంట్లోనే ఒకరిని మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపోవలసి వచ్చింది. అప్పటినుంచి ఆ పరాచికం నా నోట రావడం లేదు. ఈ వ్యాసంలో ఆ మనిషి గురించి కొంచెం, ఆమెకు వచ్చిన జబ్బు గురించి ఎక్కువ చెబుతాను. నేను చదువుతున్నది బి.ఎస్సీ., డాక్టరీ కాదు. లైబ్రరీలో చదివినవీ, డాక్టర్లను విసిగించి అడిగి తెలుసుకున్నవీ కలిపి వ్రాస్తున్నాను. ఎక్కడైనా తప్పు దొర్లితే జంతుశాస్త్రం లెక్చరర్లు నా చెవి మెలిపెట్టవచ్చు.

మాది జనగామ పక్క ఒక పల్లె. నాలుగెకరాల చెలక, ఎండిపోయిన బావి, దాని పక్కన బోరు. పత్తి, మక్కజొన్న వేస్తాం; ఇంటి మందం కొంత జొన్న. మా పెద్దనాయిన బిడ్డ నాకంటే మూడేళ్ళు పెద్ద, అక్కా అని పిలుస్తాను. పెళ్ళి కావలసిన పిల్ల కనుక పేరు వ్రాయవద్దని ఇంట్లో మాట తీసుకున్నారు.

ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో వేళ్ళు పట్టుకుపోతున్నాయని అన్నది. పొద్దున లేవగానే పిడికిలి ముడవడానికి వచ్చేది కాదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. సాయంత్రానికి సన్నజ్వరం. ముక్కుకు రెండు పక్కలా, చెంపల మీద ఎర్రగా కందింది. ఎండలో పనిచేసే పిల్ల, ఎండకు కందింది అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను, సైన్సు చదివేవాణ్ణి! ఊరి ఆర్.ఎం.పి. నొప్పుల గోలీలు ఇచ్చాడు. వేసుకున్నన్నాళ్ళు తగ్గేవి, మానితే మళ్ళీ వచ్చేవి.

తర్వాత రాత్రిళ్ళు నిద్ర పోవడం మానేసింది. బావికాడ ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారన్నది. కూరలో మందు కలిపావని కన్నతల్లి మీదకే విరుచుకుపడింది. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించారు, కోడిని కోశారు, మూడు వారాలు పోయాయి. చివరకు పెద్దనాయిన, పెద్దమ్మ ఆమెను వరంగల్ బస్సులో తీసుకువచ్చి ఉప్పల్‌లో దిగి, జవహర్‌నగర్‌లో నేనూ ఇంకో ఇద్దరు మిత్రులూ కలిసి ఉంటున్న గదికి వచ్చారు. మిత్రులు చెప్పకుండానే చాపలు తీసుకుని డాబా మీదకు పోయారు. ఆ రాత్రంతా అక్క గోడవైపు తిరిగి ఎవరికో జవాబులు చెబుతూనే ఉంది.

మొదట చూపించినచోట నాలుగు నిమిషాల్లో మాత్రలు వ్రాసి ఇచ్చారు. వాటితో నిద్ర పట్టింది గానీ మాటలు ఆగలేదు, పైగా కాళ్ళు ఉబ్బాయి. రెండోచోట, అది వేరే దవాఖాన, ఒక హౌస్ సర్జన్ అమ్మాయి పెద్దమ్మ చెప్పేదంతా వింటూ మధ్యలో లేచి వచ్చి, అక్క గడ్డం పట్టుకుని మొహం వెలుగువైపు తిప్పింది. "ఈ మచ్చ ఎప్పటినుంచి?" అని అడిగింది. అంతవరకు అందరూ అక్క మాటలే విన్నారు, మొహం ఎవరూ చూడలేదు. మూత్రం పరీక్ష చేస్తే ప్రోటీను పోతున్నదని తేలింది. రక్త పరీక్షలు నాలుగు రోజుల తర్వాత వచ్చాయి. జబ్బు పేరు సిస్టమిక్ లూపస్ ఎరిథమటోసస్, క్లుప్తంగా లూపస్.

ఇక పాఠంలోకి వద్దాం. మన రక్తంలో తెల్లకణాలు, వాటిలో లింఫోసైట్లు, అవి తయారుచేసే ప్రతిరక్షకాలు బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవులను పట్టి చంపుతాయని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. అక్కడ మనం అడగని ప్రశ్న ఒకటుంది: ఏది బయటిది, ఏది మనది అని వాటికెలా తెలుస్తుంది? పుట్టుకతో తెలియదు. లింఫోసైట్లు పెరిగే దశలో, థైమస్ గ్రంథిలోనూ ఎముకల మజ్జలోనూ వాటికొక పరీక్ష జరుగుతుంది. సొంత శరీరపు పదార్థాన్ని గట్టిగా పట్టుకునేవాటిని అక్కడే చంపడమో, మార్చడమో, అణచిపెట్టడమో జరుగుతుంది. పరీక్ష గట్టిదే కాని కొన్ని తప్పించుకుంటాయి. తప్పించుకున్నవాటిని అదుపులో పెట్టడానికి వేరే కణాలున్నాయి. ఆ అదుపు కూడా తప్పితే కంచే చేను మేయడం మొదలవుతుంది. ఇటువంటివే ఆటోఇమ్యూన్ జబ్బులు. థైరాయిడ్ గ్రంథిని మేస్తే ఒక జబ్బు, కీళ్ళ పొరను మేస్తే ఇంకొకటి, క్లోమంలోని ఇన్సులిన్ కణాలను మేస్తే పిల్లల్లో వచ్చే చక్కెరజబ్బు.

లూపస్ ఒక చేనుతో ఊరుకోదు. ఇందులో ప్రతిరక్షకాలు కణ కేంద్రకానికే, అంటే సాక్షాత్తు మన డి.ఎన్.ఏ.కే వ్యతిరేకంగా పుడతాయి. కేంద్రకం లేని కణాల రకాలెన్ని ఉన్నాయి కనుక? అందుకే చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు, గుండెపొర, మెదడు, దేన్నయినా పట్టవచ్చు. ఎండకు మచ్చ రావడంలో మర్మం కూడా ఇక్కడే ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మకణాలు చస్తాయి, చచ్చిన కణాలనుంచి కేంద్రక పదార్థం బయట పడుతుంది, కాచుకుని ఉన్న ప్రతిరక్షకాలకు అది దొరుకుతుంది. ఎండకే కందిందని ఊళ్ళోవాళ్ళు అన్నది అబద్ధం కాదు, సగం నిజం. లూపస్ రోగులు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువమందికి పదిహేను నలభైయైదేళ్ళ మధ్య వస్తుంది. స్కిజోఫ్రీనియా మొదలయ్యే వయసు కూడా దాదాపు అందులోనే పడుతుందని గమనించండి. పొరపాటు పడటానికి ఇంతకంటే అనువైన వయసు లేదు.

లూపస్ చర్మానికే పరిమితం కాదని వియన్నా వైద్యుడు కపోసీ 1872లోనే వ్రాశాడు. 1982లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం ఈ జబ్బును గుర్తించడానికి 11 లక్షణాల పట్టిక వేసినప్పుడు, అందులో మూర్ఛలతోపాటు ఉన్మాదాన్నీ, అనగా సైకోసిస్‌నూ, చేర్చింది. 1999లో మెదడుకూ నరాలకూ మనసుకూ సంబంధించి లూపస్ చూపే రూపాలు 19 అని లెక్క తేల్చారు. ఇంత తెలిసిన విషయం మన పల్లెల దాకా ఎందుకు రాలేదన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

రక్తంలో తిరిగే ప్రతిరక్షకం మనసును ఎలా చెడగొడుతుంది? నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మామూలుగా రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి గోడ వంటిది ఒకటి ఉంటుంది. రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి బిగుసుకుని, ప్రతిరక్షకాల వంటి పెద్ద అణువులను చాలావరకు లోపలికి రానివ్వవు. మెదడు కణాల మీద ఎన్.ఎమ్.డి.ఏ. అనే గ్రాహకాలుంటాయి, జ్ఞాపకానికీ నేర్చుకోవడానికీ అవి చాలా ముఖ్యం. 2001లో అమెరికాలో బెట్టీ డైమండ్ బృందం, లూపస్‌లో డి.ఎన్.ఏ.కు వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాల్లో కొన్ని ఈ గ్రాహకాన్ని కూడా పట్టుకుంటాయని చూపింది. ఒక తాళానికి చేసిన చెవి ఇంకో తాళానికీ పట్టినట్లన్నమాట. 2004లో అదే బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగం ఇంకా విచిత్రం. ఆ ప్రతిరక్షకాలు రక్తంలో నిండుగా ఉన్నా ఎలుకలకు ఏమీ కాలేదు. బాక్టీరియా పైపొరలోని పదార్థం ఎక్కించి మెదడు గోడను సడలించిన తర్వాతనే హిప్పోకాంపస్ భాగంలో కణాలు చచ్చి, ఎలుకలు నేర్చినది మరవసాగాయి. అంటే దొంగ ఊళ్ళో ఉన్నంత మాత్రాన చాలదు, తలుపు కూడా తెరిచి ఉండాలి. మనుషుల్లోనూ ప్రతిసారీ ఇదే జరుగుతుందని అనుకోకూడదు. లూపస్‌లో మెదడులోని చిన్న రక్తనాళాలు పూడుకుపోవడం, వాపు పదార్థాలు పెరగడం కూడా ఉంటాయి.

ఈ గ్రాహకం కథ లూపస్‌తో ఆగలేదు. 2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ డాల్మౌ, ఆయన సహచరులు పన్నెండుమంది స్త్రీల గురించి ఒక పత్రం ప్రచురించారు. అందరిదీ ఇంచుమించు ఒకే వరస. ముందు అనుమానాలు, భ్రమలు, అరుపులు. తర్వాత మూర్ఛలు, నోరూ చేతులూ వాటంతట అవే కదలడం, స్పృహ తగ్గడం, కొందరికి ఊపిరి కూడా మందగించడం. వీరి శరీరాల్లో టెరటోమా అనే కణితి కనిపించింది, దాదాపు అందరికీ అండాశయంలోనే. ఆ కణితిలో ఒక్కోసారి వెంట్రుకలు, పళ్ళు, నరాల కణజాలం కూడా ఉంటాయి. కణితిలోని నరాల కణాలను పరాయివనుకుని శరీరం ప్రతిరక్షకాలు తయారుచేస్తే, అవి పోయి అసలు మెదడులోని ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాలను పట్టుకున్నాయి. తర్వాత కణితి లేనివారిలోనూ, మగవారిలోనూ, పిల్లల్లోనూ ఇదే జబ్బు కనబడింది. 2013లో 577 మంది రోగులను పరిశీలించిన పత్రంలో, చికిత్స పొందినవారిలో 81 శాతం మంది రెండేళ్ళకల్లా బాగా కోలుకున్నారని వ్రాశారు. కణితి ఉంటే తీసివేయడం, ప్రతిరక్షకాలను అణచడం, ఇంతే చికిత్స.

సుసానా కహలాన్ అనే న్యూయార్క్ పత్రికావిలేఖరికి 2009లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఇది వచ్చింది. చాలా పరీక్షలు బాగున్నాయి, మనసు జబ్బే అనుకుంటున్న సమయంలో సూహెల్ నజ్జార్ అనే డాక్టరు ఆమెకు కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. ఆమె పన్నెండు అంకెలనూ కుడివైపు సగంలోనే కుక్కింది. మెదడులో కుడిభాగం వాచి ఉందని ఆయనకు ఒక కాగితంతో అర్థమైంది. లక్షల ఖరీదు చేసే యంత్రాలు చెప్పలేని సంగతి అది! ఆమె తన అనుభవాన్ని 2012లో పుస్తకంగా వ్రాసింది.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగిన ముచ్చట అనుకుంటారేమో. మా గదినుంచి నాచారం, హబ్సిగూడ మీదుగా తార్నాక పోతే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా గార్లు మన దక్కను పీఠభూమిలో జొన్న తిని బతికే పేదలకు వచ్చే పెలాగ్రా జబ్బును పరిశోధించి, 1960లో లాన్సెట్ పత్రికలో వ్రాశారు. పెలాగ్రా ఆటోఇమ్యూన్ జబ్బు కాదు, నియాసిన్ అనే విటమిన్ లోపం. జొన్నలో లూసిన్ అనే ఎమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం దానికి కారణమని వారి వాదం. దాని మీద తర్వాత చాలా చర్చ జరిగింది. నాకు కావలసింది ఆ వాదం కాదు, రోగి రూపం. పెలాగ్రాలో ఎండ తగిలే మెడ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలవుతాయి, మనసు కుంగిపోతుంది, ముదిరితే మతి చలిస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో ఈ రోగులు చాలామంది ఉండేవారు. అంటే ఎండ మచ్చా, మతి చలనమూ ఒకే మనిషిలో కనబడటం మన జొన్నచేల మధ్య కొత్త సంగతి కాదు. మా తాతల కాలంలో గాలి సోకిందని కోడిని కోసినవారిలో ఎందరికి నియాసిన్ బిళ్ళ సరిపోయేదో!

ఇప్పుడు కొంచెం లెక్కలు. డెన్మార్క్ దేశంలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది, దవాఖానలో చేరిన ప్రతిసారీ అది నమోదవుతుంది. ఆ చిట్టాలతో చేసిన పరిశీలన ఒకటి 2011లో అచ్చయింది. ముందే ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారిలో స్కిజోఫ్రీనియా 29 శాతం ఎక్కువగా కనబడింది. తీవ్రమైన అంటువ్యాధితో దవాఖానలో చేరినవారిలో 60 శాతం ఎక్కువ. రెండూ ఉన్నవారిలో రెండింతలు దాటింది. ఎలుకల మెదడు తలుపు గుర్తుకు వస్తున్నది కదా! అయితే 29 శాతం అని చూసి భయపడకండి. వెయ్యిమందిలో పదిమందికి వచ్చే జబ్బు అనుకుంటే, అది పదముగ్గురికి అవుతుంది, అంతే. లూపస్ ఉన్నవారిలో ఎక్కువమందికి ఉన్మాదం ఎన్నడూ రాదు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఎక్కువమందికి వెతికినా ఆటోఇమ్యూన్ జబ్బు దొరకదు.

పైగా ఒకచోట లెక్క తిరగబడుతుంది. చేతివేళ్ళ కీళ్ళను పట్టే రుమటాయిడ్ కీళ్ళవాతం స్కిజోఫ్రీనియా రోగుల్లో మామూలు జనంకంటే తక్కువగా కనబడుతుందని చాలా పరిశీలనలు చెప్పాయి. ఎందుకో తేలలేదు. మా నానమ్మకు ఈ కీళ్ళవాతం ఉంది. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ మాత్ర, మరునాడు ఫోలిక్ ఆమ్లం మాత్ర. (వారానికొకసారి వేసుకోవలసినది రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. మా నానమ్మకు చదువు రాదు కనుక శనివారం వెంకన్న పేరు చెప్పి గుర్తుపెట్టించాం.) ఈ రెండు మాత్రల వెనుకా మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లనూ తయారుచేసింది. కాన్సరు కోసం పుట్టిన ఆ విరుగుడు కీళ్ళవాతానికి పనికొస్తుందని మొదటి సూచన వచ్చింది 1951లో. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు గారికి తన మందు జనగామ పక్క పల్లెలో ఒక ముసలమ్మ వేళ్ళను విప్పుతుందని తెలియదు.

అక్క విషయానికి వస్తే, ఆమెకు పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఎక్కించారు, నెలకొకసారి సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చారు, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర. మాటలు వినబడటం ఆగేదాకా మానసిక వైద్యుడి మాత్రలు కూడా. పదో రోజుకు గోడతో మాట్లాడటం తగ్గింది. పన్నెండో రోజు మళ్ళీ నిద్ర పోయింది, ఊరుకోకుండా నవ్వుతూ మాట్లాడసాగింది. అప్పుడు మాకు తెలిసిన చేదు నిజమేమంటే, స్టెరాయిడ్ కూడా మతి చెడగొట్టగలదు. 1972లో బోస్టన్‌లో తీసిన లెక్కల ప్రకారం, రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు ప్రెడ్నిసోన్ వాడినవారిలో 1.3 శాతానికి మనోవికారాలు వస్తే, 80 దాటినవారిలో 18.4 శాతానికి వచ్చాయి. జబ్బువల్ల అయితే మందు పెంచాలి, మందువల్ల అయితే తగ్గించాలి. తప్పు లెక్క వేస్తే రెండువిధాలా ముప్పే. ఆ రోజు వరండాలో పెద్దనాయిన నా మొహం చూస్తున్నాడు, బి.ఎస్సీ. చదివేవాడికి తెలియదా అన్నట్లు. డాక్టర్లు రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు కొలిపించారు. అవి ఇంకా బాగా తక్కువగానే ఉన్నాయి, అంటే జబ్బు ఇంకా మండుతున్నదని గుర్తు. మందు తగ్గించలేదు. మూడో వారం చివర అక్క పెద్దమ్మను చూసి, "నువ్వు తిన్నవానే?" అని అడిగింది. ఆ ఏటి పత్తి పైసలన్నీ అయిపోయాయి.

ఎవరికైనా మతి చలిస్తే వెంటనే లూపస్ అనుకోవాలా? కూడదు. ఏ.ఎన్.ఏ. పరీక్ష ఆరోగ్యంగా ఉన్న కొందరిలో కూడా పాజిటివ్ వస్తుంది. అందరికీ చేయించుకుంటూ పోతే లేని జబ్బులు పుడతాయి. కాని ఉన్మాదం కొద్దిరోజుల్లోనే ముంచుకొచ్చినప్పుడు, దానితోపాటు జ్వరం, మూర్ఛ, మరపు, మాట పడిపోవడం, కీళ్ళనొప్పి, ఎండ మచ్చ, నోటిపూత, కాళ్ళవాపు ఏది ఉన్నా డాక్టరుకు చెప్పి తీరాలి. అడగకపోయినా చెప్పాలి. మూత్రపరీక్షకు పెద్ద ఖర్చు కాదు. ఇప్పుడు మన నగరంలో నిమ్స్ వంటి చోట్ల రుమటాలజీకి ప్రత్యేక విభాగమే ఉంది.

వార్డులో అక్క పక్క మంచం మీద ఇంకో అమ్మాయి ఉండేది, ఇంచుమించు అదే వయసు, అవే అనుమానాలు, అవే మాటలు. వాళ్ళమ్మ మా సంగతి విని, "మా బిడ్డకు కూడ గా రక్తం పరీక్ష చెయ్యుండ్రి సారూ" అని డాక్టరు వెంటబడింది. చేశారు. మెదడు స్కానింగు, వెన్నునీరు కూడా చూశారు. ఏమీ లేదని వచ్చింది. ఏమీ లేదంటే సంతోషించాలి కదా. ఆ తల్లి మంచం కోడు పట్టుకుని కూలబడిపోయింది. బిడ్డకు లూపస్ ఉంటే బాగుండునని ఒక తల్లి కోరుకోవడం నేను కళ్ళారా చూశాను. మూత్రపిండాలు పాడైనా ఫరవాలేదు, పిచ్చి అనే మాట మాత్రం వద్దు. ఆ అమ్మాయికి స్కిజోఫ్రీనియా మందులు మొదలుపెట్టారు. నాలుగు నెలల తర్వాత ఫోన్ చేస్తే నిద్రా తిండీ కుదిరాయని, మిషను కుట్టుపని నేర్చుకుంటున్నదని చెప్పారు.

మా పెద్దనాయిన ఇప్పుడు ఊళ్ళో కనబడ్డవారికల్లా, "మా పిల్లకు పిచ్చిగిచ్చి ఏంలేదు, అది రక్తం జబ్బట" అని చెబుతున్నాడు. సంబంధాలు చూడాలి కనుక చెప్పక తప్పదు. నేనూ మొదట్లో అట్లాగే చెప్పాను. అక్కకు ఆ మాట నచ్చదు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు అన్నది: "గా మాటలు నాకు నిజంగనే ఇనబడ్డయి కద తమ్మీ. పక్క మంచం పిల్లకు ఇనబడ్డయి, నాకు ఇనబడ్డయి. నాదొక్కటి రక్తం, దానిది పిచ్చి ఎట్లయితది?"

నేను జవాబు వెతుక్కుంటుంటే ఆమె చీర మీద పెద్దనాయిన పాత ఫుల్‌చేతుల అంగీ తొడుక్కుని, తలకు తువ్వాల చుట్టుకుని, ఎండ ఎక్కకముందే రెండు సాళ్ళు ఏరి వస్తానని పత్తిచేనుకు పోయింది.